ఈరీ కాలువ: రవాణా ఖర్చు పదోవంతుకు పడిపోయాక

అమెరికాలో రైళ్లు రాకముందు, అపలేషియన్ పర్వతాలకు పడమట గోధుమ పండించడం కంటే దాన్ని అమ్ముకోవడమే కష్టంగా ఉండేది. ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న బఫెలో నుంచి న్యూయార్క్ నగరానికి టన్ను సరుకును బండ్ల మీద చేర్చడానికి సుమారు 100 డాలర్లు అయ్యేది, ఆ ఖర్చు గోధుమ ధరనే మించిపోయేది కాబట్టి చాలామంది రైతులు ధాన్యాన్ని విస్కీగా మార్చి అమ్మేవారు. 1825లో ఆ సరస్సును హడ్సన్ నదితో కలిపే ఈరీ కాలువ పూర్తయ్యాక అదే టన్నుకు దాదాపు 10 డాలర్లు సరిపోయాయి. ఆ తరువాత జరిగిన మార్పుల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క తేడాలోనే ఉందని నా అభిప్రాయం.

ఈ కాలువ ఆలోచనకు ప్రచారం తెచ్చినవారిలో ఒకడైన జెస్సీ హాలీ పిండి వ్యాపారి. రవాణా కష్టాలతో దివాలా తీసి, బాకీదారుల జైల్లో ఉంటూ, కాలువ ఏ దారిన వెళ్లాలో 1807-08లో పత్రికకు వ్యాసాలు రాశాడు. కేంద్ర ప్రభుత్వం సాయం చేయకపోవడంతో న్యూయార్క్ రాష్ట్రమే బాండ్లు అమ్మి, ఉప్పు మీద సుంకం వేసి పనికి దిగింది. పట్టుబట్టి నడిపించిన గవర్నర్ డివిట్ క్లింటన్ పేరు కలిపి, ప్రత్యర్థులు దీన్ని 'క్లింటన్ గుంట' అని ఎగతాళి చేశారు.

584 కిలోమీటర్ల పొడవు, 83 లాకులు (పడవలను ఒక నీటి మట్టం నుంచి మరోదానికి చేర్చే తలుపుల గదులు) ఉన్న ఆ గుంట లోతు 1.2 మీటర్లే. ప్రధాన ఇంజనీర్లు బెంజమిన్ రైట్, జేమ్స్ గెడ్డిస్‌లకు సర్వే తెలుసు గాని, ఇంత పెద్ద కాలువ కట్టిన అనుభవం లేదు. అయినా లాక్‌పోర్ట్ దగ్గర అడ్డొచ్చిన రాతి కొండచరియను దాటించడానికి ఒకదానిపై ఒకటిగా ఐదు లాకులు, వాటి పక్కనే దిగే పడవల కోసం మరో ఐదు కట్టారు. పడవ లోపలికి రాగానే వెనుక తలుపులు మూసి, పై నుంచి నీరు వదిలితే, అది నీటితోపాటు లేచి పై లాకు మట్టానికి చేరుతుంది. ఇలా ఐదుసార్లు లేచేసరికి సుమారు 18 మీటర్ల ఎత్తు ఎక్కినట్టే. మిగిలిన దారిలో గట్టు మీద నడిచే గుర్రాలో కంచరగాడిదలో దాన్ని లాగేవి, వాటిని తోలేవారిలో చాలామంది చిన్న కుర్రాళ్లు.

సరుకు కదిలిన దారినే మనుషులూ కదిలారు. వలసదారులు ఒహైయో, మిషిగన్ వైపు సాగిపోయారు. జెనసీ నది జలపాతాల దగ్గర రోచెస్టర్ పిండిమరల నగరంగా ఎదిగింది, న్యూయార్క్ రేవు ఫిలడెల్ఫియా, బోస్టన్‌లను చాలా వెనక్కి నెట్టింది. కొత్త ఊళ్లలో కొత్త భావాలకూ చోటు దొరికింది: 1830-31లో చార్ల్స్ ఫిన్నీ మత ప్రబోధాలు రోచెస్టర్‌ను ఊపేశాయి, మద్యనిషేధం, బానిసత్వ నిర్మూలన ఉద్యమాలు ఈ ప్రాంతంలో బలపడ్డాయి. వీటన్నిటినీ కాలువ ఖాతాలోనే వేయలేం గాని, అది లేకుండా ఇంత జనం, ఇంత వేగం ఊహించడం కష్టం. మరోవైపు, పడమటి నుంచి చౌకగా వచ్చిన గోధుమతో పోటీపడలేక న్యూ ఇంగ్లండ్ రైతులు దెబ్బతిన్నారు.

1825 అక్టోబరు 26న ప్రారంభ వార్తను బఫెలో నుంచి న్యూయార్క్ దాకా వరుస ఫిరంగుల మోతతో గంటన్నరలోపే చేరవేశారు. అయితే ఆ భూమి అంతకుముందు హోడెనోషోనీ అనే ఆదివాసీ తెగల సమాఖ్యది. స్థలాల విలువ పెరిగేకొద్దీ వారిపై ఒత్తిడీ పెరిగింది. 1838 బఫెలో క్రీక్ ఒప్పందంలో ఆ సమాఖ్యలోని సెనెకా తెగ తన రిజర్వేషన్లను, అంటే తన కోసం కేటాయించిన భూములను, వదులుకోవలసి వచ్చింది. మోసం జరిగిందని వారు పోరాడగా 1842లో రెండు రిజర్వేషన్లు తిరిగి దక్కాయి గాని, కాలువ చివర ఉన్న బఫెలో క్రీక్ మాత్రం దక్కలేదు.