లీజర్‌లో పుస్తకం తీస్తే గోడకుర్చీ

మన పదో తరగతి బ్యాచ్ మళ్ళీ కలిసే రోజు కోసం బడి జ్ఞాపకాలు రాసివ్వమని కమిటీ వాళ్ళు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ మూడోసారి చూశాక ఇది రాయడానికి కూర్చున్నాను. "రెండు పేజీలు, పాస్‌పోర్ట్ ఫోటో, ఆదివారం లోపు." కింద గోలీసోడా పేరు (అందరికీ అప్పటి మారుపేర్లే వాడుతున్నా). ఐదేళ్ళలో ఒక్కసారి కూడా హోంవర్కు టైముకి ఇవ్వనివాడు ఇవాళ నాకు గడువు పెడుతున్నాడు.

జామచెట్టు కేసు గురించి రాయను. అది ఎలాగూ క్వారీ రాస్తాడు. అందులో నా పేరు వస్తే మాత్రం అంతా అబద్ధమని ఇప్పుడే చెబుతున్నా. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు నాకు నిజంగానే గుర్తులేవు. తొమ్మిదిలో, 1977 నవంబర్ ఉప్పెన తర్వాత, దివిసీమ వాళ్ళకోసం ఇంటింటికీ తిరిగి పాత బట్టలు పోగుచేశాం. బుడంకాయ వాళ్ళ నాన్న పెళ్ళిపంచె ఆయనకి చెప్పకుండానే మూటలో వేసేశాడు. ఆ ఏడాదికి అంతే. నాకు మిగిలింది పదో తరగతి. అందులోనూ మంగళవారం, శుక్రవారం ఆఖరి పీరియడ్లు. టైంటేబుల్లో ఆ రెండు గళ్ళలో 'లీజర్' అని ఉండేది.

లెక్కల మాస్టారు ఆ గళ్ళని ఎండబెట్టిన వడియాలని కాకి చూసినట్టు చూసేవారు. కానీ డ్యూటీ గొడుగు మాస్టారిది. సోషల్ క్లాసులో గజనీ మహమ్మదుని పదిహేడుసార్లు అప్పజెప్పించుకున్న మనిషే, లీజర్ గంట కొట్టగానే వేరే మనిషైపోయేవారు. "పుస్తకం తీసినవాడికి గోడకుర్చీ" అనేవారు. ఉత్తమాట అనుకున్నాం. ఫస్ట్ ర్యాంకు వాడు బల్లకింద ఇంగ్లీషు నోట్సు తిరగేస్తూ దొరికాడు. పీరియడ్ అయ్యేదాకా గోడకి ఆనించి కూర్చోబెట్టారు. వాడు ఇప్పుడు పెద్ద డాక్టరు. మోకాళ్ళ డాక్టరే కావడం యాదృచ్ఛికమేనంటాడు.

వరండాలో మూడో స్తంభం దగ్గర నాపరాయి మీద పులి-మేక పటం చెక్కి ఉండేది కదా, ఎవరు చెక్కారో ఏమో. మాస్టారు గొడుగు స్తంభానికి ఆనించి, పొడుం పీల్చి, పంచె సర్దుకుని ఆ బండ పక్కన చతికిలబడేవారు. మూడు గులకరాళ్ళు పులులు, పదిహేను చింతపిక్కలు మేకలు. ఇరవై మూడు చోట్లు. పదిహేను మేకలూ దింపేదాకా ఒక్క మేకా కదలడానికి లేదు. పులి మాత్రం మొదటినుంచీ తిరుగుతుంది, వెనక ఖాళీ కనిపిస్తే మేకమీంచి దూకి మింగేస్తుంది. నేను ఎప్పుడూ నడిమధ్యన మేక పెట్టేవాణ్ణి. అది పోయేది. ఇంకోటి పెట్టేవాణ్ణి. అదీ పోయేది. మాస్టారు నా చేతిమీద చిన్నగా కొట్టి, "అంచులనించి కట్టుకురారా అబ్బాయ్, గీత చివరనున్న మేకమీంచి పులి ఎక్కడికి దూకుతుంది?" అనేవారు. నాకు అర్థంకావడానికి సంక్రాంతి సెలవులు వెళ్ళిపోయాయి.

ఇక ఆ గొడవ. 1979 ఫిబ్రవరి, పబ్లిక్ పరీక్షలు నెత్తిమీద ఉన్నాయి. లెక్కల మాస్టారు సుద్దముక్కతో సహా వరండాలోకి వచ్చి, "రేపట్నించి లీజర్లు నావి" అన్నారు. హెడ్మాస్టరుగారి గదిలో పంచాయితీ. కిటికీ దగ్గర మనం ఎంతమందిమి ఉన్నామో గుర్తుందా? గొడుగు మాస్టారు రాజ్యాంగం పుస్తకం తెచ్చారు! "43వ అధికరణం చూడండి సార్. పనిచేసేవాడికి జీతమొక్కటే కాదు, తీరికని పూర్తిగా అనుభవించే వీలు కూడా ఉండాలని రాశారు. అందులో లీజర్ అనే మాటే ఉంది."

"అది కార్మికులకండీ, పిల్లలకి కాదు."

"మీ దగ్గర వీళ్ళు చేస్తున్నది కూలిపనే కదండీ?"

అప్పుడు ఐక్యరాజ్యసమితిని దించారు. 1948 డిసెంబర్ 10, మానవహక్కుల ప్రకటన, 24వ అధికరణం, ప్రతి మనిషికీ విశ్రాంతి, తీరిక హక్కు. సరిగ్గా అక్కడే మన స్పీకర్ కిటికీ బయటనుంచి, "కానీ 43 ఆదేశిక సూత్రం సార్, కోర్టులో చెల్లదని మీరే చెప్పారు" అని అరిచాడు. గెలిచే కేసు పాడుచేశాడు. హెడ్మాస్టరుగారు మంగళవారం లెక్కలకి, శుక్రవారం లీజర్‌కి అని తీర్పు చెప్పారు. స్పీకర్‌కి గోడకుర్చీ.

ఆ తర్వాతి శుక్రవారం లెక్కల మాస్టారు అటే పోతూ స్తంభం వెనకాల ఆగారు. ఐదు నిమిషాలు నిలబడి, ఉండబట్టలేక, "ఆ మేక అక్కడ కాదురా" అన్నారు. గొడుగు మాస్టారు తలెత్తకుండానే జరిగి చోటిచ్చారు.

పదేళ్ళ తర్వాత, 1989లో, ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం పెట్టి విశ్రాంతి, తీరిక, ఆట పిల్లల హక్కులేనంది. 1992లో మన దేశమూ ఒప్పుకుంది. నాకిది మొన్నమొన్న తెలిసింది. గొడుగు మాస్టారికి అప్పుడే తెలిసి ఉంటే ఆ కాగితం పట్టుకుని లెక్కల మాస్టారింటికి రిక్షాలో వెళ్ళేవారు.

నా సంగతి క్లుప్తంగా. బ్యాంకులో క్లర్కుగా చేరి చీఫ్ మేనేజరుగా దిగాను. అమ్మాయి, అబ్బాయి స్థిరపడ్డారు, ఎవరి అప్పూ లేదు. లీవులు మురగబెట్టడం గొప్పనుకున్నవాణ్ణి. 2024లో రిటైరయ్యాక మొదటి సోమవారం ఎనిమిదింటికల్లా బూట్లు వేసుకుని సోఫాలో కూర్చున్నాను. మా ఆవిడ కాఫీ తెచ్చి, "ఎక్కడికి?" అంది. జవాబు లేదు. అలా నాలుగు నెలలు టీవీ, ఫోను, బీపీ మాత్రలు.

ఒక సాయంత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్లో సుద్దతో పటం గీశాను. ఒక అడ్డగీత మర్చిపోయాను. వాచ్‌మన్ పాలమూరు వైపు మనిషి, వచ్చి ఆ గీత గీశాడు. వాళ్ళ ఊళ్ళో పులిజూదం అంటారట. నా మేకలు ఏడు మింగి, "అంచులకెల్లి రావాలె సార్" అన్నాడు. గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయి నేను మాట్లాడలేదు.

ఇప్పుడు మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు మా సెల్లార్లో ఆట. నలుగురు పిల్లలు వస్తారు. మూడో ఫ్లోరావిడ దిగి వచ్చి, "అంకుల్, దీనివల్ల లాజికల్ థింకింగ్ పెరుగుతుందా?" అని అడిగింది. ఏమీ పెరగదమ్మా అన్నాను. మర్నాటినుంచి ఆ పిల్లవాడు అబాకస్ క్లాసుకి వెళ్తున్నాడు. ఆ మాట నేను ఇంకోలా చెప్పి ఉండాల్సింది, పిల్లవాడు పులులతో బాగా ఆడేవాడు.

కమిటీకి ఒక విన్నపం. వరండాకి టైల్స్ వేశారని విన్నాను. మూడో స్తంభం దగ్గర బండ ఎక్కడ పడేశారో కనుక్కోండి. మోయించాలంటే క్వారీకి లారీలున్నాయి. ఆ రోజు సన్మానాలు, శాలువాలు మధ్యాహ్నానికల్లా కానిచ్చేయండి. చింతపిక్కలు నేను తెస్తాను. గోలీసోడాకి మాత్రం పులులు ఇవ్వకండి, వాడు రెండు గళ్ళు దూకి ఒకటే అంటాడు.