కౌబాయ్‌తో పెళ్లి, గ్రీన్ కార్డ్: నా అనుభవం

మా ఆయనది టెక్సస్ హిల్ కంట్రీలోని లానో కౌంటీ. తాతల నాటి రాంచ్, ఆవుల మందే బతుకుదెరువు. నాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె, హెచ్-1బి మీద ఆస్టిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పెళ్లి ద్వారా గ్రీన్ కార్డ్ తెచ్చుకున్న తెలుగువాళ్లలో నాకు తెలిసినవాళ్లంతా ఇద్దరూ ఉద్యోగాలు చేసే జంటలే. భర్తకు జీతం చీటీ, ఆఫీసు లేని ఇంట్లో ఈ పని ఎలా నడుస్తుందో చెప్పేవాళ్లు దొరకలేదు. అందుకే రాస్తున్నా.

పరిచయం సంగతి ముందు చెప్పాలి, ఇంటర్వ్యూలో మొదట అడిగేదీ అదే. ఎన్‌చాంటెడ్ రాక్ ఎక్కుదామని స్నేహితులతో వెళ్తుంటే, రోడ్డు పక్క కంచె లోపల ఒకతను నాగజెముడు పొదలకు మంట పెడుతూ కనిపించాడు. చేతిలో ప్రొపేన్ గ్యాస్‌తో మండే పొడవాటి గొట్టం. ముళ్లు చిటపటా కాలిపోయి పచ్చటి మట్టలు మాత్రం మిగులుతున్నాయి. ఆ మంట హోరు వినపడగానే ఎక్కడెక్కడి ఆవులో పరుగున వచ్చి, పొగలు కక్కుతున్న మట్టల్నే కొరికేస్తున్నాయి. గడ్డి ఎండిపోయినప్పుడు టెక్సస్‌లో మందను కాపాడుకునే పాత పద్ధతి అది. కారు ఆపించి దిగాను. ఆ ఏడు కరువుకు సగం మందను వేలానికి తోలేశానని చెబుతూ అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు. మా తాత కాడెద్దుల్ని సంతకు తోలిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. పక్కనున్న స్నేహితులకు కూడా ఎన్నడూ చెప్పని ఆ మాట, పేరైనా తెలియని ఆ మనిషికి చెప్పాను.

ఇంట్లో చెప్పినప్పుడు అమ్మ చాలా ఏడ్చింది. నాయన మాత్రం ఒకటే అడిగాడు: “గొడ్లను బాగా చూసుకుంటాడా పాపా?” చూసుకుంటాడన్నాను. “అట్లయితే నిన్నూ చూసుకుంటాడులే” అన్నాడు.

టెక్సస్‌లో పెళ్లి లైసెన్స్ కౌంటీ క్లర్క్ ఇస్తారు. తీసుకున్నాక మామూలుగా 72 గంటలు ఆగాలి, 90 రోజుల లోపు పెళ్లి జరగాలి. రాంచ్‌లోనే ఓక్ చెట్టు కింద పంతులుగారు మంత్రాలు చదివి, లైసెన్స్ మీద సంతకం చేశారు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు గానీ మా ఆయన టోపీ తీయలేదు.

పౌరుడి భార్యకు వీసా నంబరు కోసం ఎదురుచూపు లేదు కాబట్టి ఐ-130 (భార్య కోసం భర్త వేసే అర్జీ), ఐ-485 (గ్రీన్ కార్డ్ దరఖాస్తు) రెండూ కలిపి 2025లో వేశాం. కాగితాల మీద వేస్తే ఫీజులు 675, 1,440 డాలర్లు. మెడికల్ ఫారం ఐ-693 కూడా 2024 డిసెంబర్ 2 నుంచి ఐ-485తో పాటే పంపాలి. నేను పుట్టినప్పుడు ఊళ్లో నమోదు చేయించలేదు. నమోదు లేదన్న ధ్రువపత్రం నాయన తెప్పించి పంపాడు; దానికి అమ్మానాన్నల అఫిడవిట్లు, పదో తరగతి మెమో జతచేశాం. నేను రాంచ్‌కు మారి అక్కణ్ణుంచే పని చేయాలంటే హెచ్-1బికి అమెండ్‌మెంట్ కావాలి. కంపెనీ అది ముందే వేసింది. వీసా సంగతి తేలకుండా ఇల్లు మారొద్దు.

అన్నిటికన్నా గట్టి చిక్కు ఐ-864 దగ్గర వచ్చింది. భార్యను పోషించే స్తోమత ఉందని భర్త చూపాలి. మేం వేసిన ఏడు ఇద్దరున్న ఇంటికి ఉండాల్సిన కనీస ఆదాయం 26,437 డాలర్లు. కరువు ఏళ్లలో దాణా ఖర్చు, యంత్రాల తరుగుదల పోను మా ఆయన షెడ్యూల్ ఎఫ్‌లో (వ్యవసాయ ఆదాయం చూపే పన్ను ఫారం) మిగిలింది నష్టమే. వందల ఎకరాల ఆసామి, కాగితం మీద ఆదాయం లేనివాడు! ఆస్తి చూపే దారి ఉంది. పౌరుడి భార్య విషయంలో తక్కువపడిన మొత్తానికి మూడు రెట్లు చాలు, కానీ ఏడాదిలో నగదు చేసుకోగల ఆస్తి అయ్యుండాలి. “నేల చూపిద్దాం” అన్నాడాయన, క్షణం కూడా ఆలోచించకుండా. తాతల నేలను కాగితం మీదైనా అమ్మకానికి పెట్టినట్టు రాయడం నాకు మనసొప్పలేదు. నిబంధనలు చదివితే దారి దొరికింది: ఒకే ఇంట్లో ఉంటూ, గ్రీన్ కార్డ్ వచ్చాక కూడా అదే ఉద్యోగం కొనసాగేటట్టయితే దరఖాస్తుదారు జీతం కూడా లెక్కలోకి వస్తుంది. నా పే స్లిప్పులు, కంపెనీ లెటర్ పెట్టాం. నేల జోలికి పోలేదు.

పెళ్లి నిజమైనదేనని చూపడానికి అందరూ ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఫొటోలు పెడతారు. మేమూ పెట్టాం. వాటితో పాటు ఆవుల వాత గుర్తు కాగితం పెట్టాను. టెక్సస్‌లో ఆ గుర్తును కౌంటీ క్లర్క్ దగ్గర నమోదు చేయించాలి, పశువు ఒంటి మీద ఎక్కడ వేస్తారో కూడా రాయాలి. పదేళ్లకోసారి పునర్నమోదు, కిందటిది 2021లో, రాబోయేది 2031లో. అంతదాకా ఆగకుండా మా ఆయన క్లర్క్ దగ్గరికి వెళ్లి గుర్తును ఇద్దరి పేరా రాయించాడు. నాయనకు ఫోన్లో చెబితే, “మన ఊర్లో దేవుని కోడెలకు ఏసే అచ్చే గదా” అన్నాడు. ఆ కుటుంబంలో అంతవరకూ ఆ గుర్తు మగవాళ్ల పేరు మీదే ఉండేది. తాళి కట్టినప్పుడు కూడా రాని ఏడుపు ఆ కాగితం చూసి వచ్చింది నాకు.

ఇంటర్వ్యూ శాన్ ఆంటోనియోలో. ఇద్దర్నీ కలిపే కూర్చోబెట్టారు. పొద్దున ఆయన ఏం చేస్తారని నన్నడిగారు. పికప్ వెనక దాణా పెట్టె ఉంటుందనీ, సైరన్ మోగిస్తే మంద అంతా వెంటపడి వస్తుందనీ, రాని ఆవు ఉంటే ఈనబోతోందని అనుమానించి వెతుక్కుంటూ వెళ్తారనీ చెప్పాను. మా అమ్మానాన్నలతో మాట్లాడతారా అని ఆయన్నడిగారు. ప్రతి ఆదివారం మాట్లాడతానని, తనకొచ్చిన తెలుగంతా అక్కడే చెప్పాడు: “బాగుండారా మామా? వానలు పడినాయా?” ఆఫీసర్ అర్థం అడిగితే ఇంగ్లీషులో తనే విడమరిచాడు.

పెళ్లయి రెండేళ్లు నిండలేదు కాబట్టి నాకొచ్చింది రెండేళ్ల కార్డే. గడువు ముగిసే ముందు 90 రోజుల్లో, ఆ రెండేళ్ల షరతు తీసేయమని అడిగే ఐ-751 ఫారం ఇద్దరం కలిసి వేయాలి, ఫీజు 750 డాలర్లు. రైతుల్ని, రాంచర్లని చేసుకున్నవాళ్లు అప్పటిదాకా కూర్చోకుండా దాణా కొట్టు బిల్లులు, పశువుల డాక్టరు రసీదులు, దూడల అమ్మకం చెక్కులు ఇద్దరి పేరా వచ్చేలా ఇప్పటినుంచే చూసుకోండి. మేం ఈ సీజన్ దూడలతోనే మొదలుపెట్టాం.