మాటలు రానివాళ్ల ప్రార్థన

మా దేవరకొండ వైపు క్రైస్తవ సంఘాల్లో ఫలానా ఆయన ప్రార్థన బాగా చేస్తాడు అంటే గొంతు పెద్దది, తడుముకోకుండా పది నిమిషాలు చెప్పగలడు అని అర్థం. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టర్ అయ్యగారు "ఒక్కొక్కరు ప్రార్థన చేయండి" అనగానే తల ఇంకొంచెం వంచుకుని, తమ వంతు ఎలాగో దాటిపోతే చాలనుకునేవాళ్లు కూడా ఉంటారు. వాళ్లకి భక్తి ఉంది, మాటలే రావు. శ్వాస ప్రార్థన గురించి రాస్తున్నది వాళ్ల కోసం.

ఇందులో చేసేది చాలా తక్కువ. బైబిల్లోంచి ఒక చిన్న మాట తీసుకుని, ఊపిరి పీల్చేటప్పుడు సగం, వదిలేటప్పుడు సగం మనసులోనే అనుకోవాలి. "యెహోవా నా కాపరి" అని పీల్చి "నాకు లేమి కలుగదు" అని వదలడం, అంతే. ఇలాంటివాటిలో బాగా పేరున్నది గ్రీసు, రష్యా వైపు ఉండే తూర్పు ఆర్థడాక్స్ సంఘాల్లో వందల ఏళ్లుగా నడుస్తున్న యేసు ప్రార్థన: "ప్రభువైన యేసుక్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించు." లూకా 18లో రొమ్ము కొట్టుకున్న సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) మాట, మార్కు 10లో గుడ్డివాడైన బర్తిమయి వేసిన కేక, రెండూ ఇందులో వినిపిస్తాయి. తెలుగులో ఇది ఒక్క ఊపిరికి కొంచెం పొడవే, అందుకని నేను "యేసయ్యా" అని పీల్చి "కరుణించు" అని వదులుతాను.

ఇది చెప్పగానే మా యూత్‌లో ఒక తమ్ముడు "అన్నా, ఇది జపం కదా, యోగా కదా" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. మత్తయి 6:7లో వ్యర్థమైన మాటలు వచింపవద్దు అని ఉంది నిజమే, కానీ ఆ వచనం అక్కడితో ఆగదు, ఎక్కువ మాట్లాడితే దేవుడు వింటాడనుకునేవాళ్ల గురించి చెబుతుంది. ఆ లెక్కన భయపడాల్సింది రెండు మాటలవాళ్లా, పది నిమిషాలవాళ్లా? అదే మత్తయి 26:44లో గెత్సేమనే తోటలో యేసు మూడోసారి కూడా "ఆ మాటలే" చెప్పి ప్రార్థించాడు. ఇక ఊపిరి సంగతి. 14వ శతాబ్దంలో గ్రీసులోని అథోస్ కొండ మీద ఆర్థడాక్స్ సన్యాసులు గడ్డం ఛాతీకి ఆనించి, ఊపిరి నెమ్మది చేసుకుంటూ ఈ ప్రార్థన చేస్తుంటే, బర్లాము అనే పండితుడు వాళ్లని బొడ్డులో ఆత్మను పెట్టుకున్నవాళ్లని ఎగతాళి చేశాడు. ఆ సన్యాసుల్లోనే ఒకడైన గ్రెగొరీ పలమాస్ వాళ్ల పక్షాన నిలబడి, కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి చెదిరిపోయే మనసును కూడగట్టుకోవడానికి ఊపిరి సాయం చేస్తుందన్నాడు. మా తమ్ముడి ప్రశ్నకి ఏడొందల ఏళ్లు నిండబోతున్నాయన్నమాట.

ఇంకా వెనక్కి వెళ్తే జాన్ కాసియన్ ఉన్నాడు. ఐగుప్తు ఎడారిలో సన్యాసుల దగ్గర నేర్చుకున్నవి 5వ శతాబ్దం మొదట్లో రాసిపెట్టాడు. అందులో ఐజాక్ అనే పెద్దాయన ఒక్క వచనం ఇస్తాడు, 70వ కీర్తన మొదటిది, దేవా నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము అని. పని చేస్తున్నా, నడుస్తున్నా, నిద్రపోయే ముందు కూడా అదే అనమంటాడు. నాకు బాగా పట్టుకున్నది ఏంటంటే, మనసు తన ఆలోచనల సంపదంతా వదిలేసి ఒకే వచనం అనే పేదరికంలో ఉండాలి అంటాడాయన. పేదరికం అనడం చూడండి. ప్రార్థనలో మాటల ఆస్తి ఉన్నవాళ్లనే ముందు వరసలో కూర్చోబెట్టే మనకి ఇది కాస్త గుచ్చుకోవాలి.

మనదాకా ఇది ఎందుకు రాలేదా అని ఆలోచిస్తే ఒక తమాషా కనిపిస్తుంది. 1890 ప్రాంతంలో నల్లగొండలో పని మొదలుపెట్టిన అబ్రహం ఫ్రీసెన్ దంపతులు రష్యా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రదరెన్ అనే ప్రొటెస్టెంట్ సంఘం మిషనరీలు. అదే రష్యాలో ఆ రోజుల్లో మామూలు యాత్రికులు కూడా యేసు ప్రార్థన చెప్పుకునేవాళ్లు. కానీ అది ఆర్థడాక్సు వాళ్లది, వీళ్లు జర్మన్ మాట్లాడే బ్రదరెన్, కాబట్టి ఓడెక్కి మన ఊళ్లకి వచ్చిన సామాన్లలో అది లేదు.

మర్రిగూడ దగ్గర మా పెద్దమ్మ ఉంది. ఆ పక్క ఫ్లోరైడ్ నీళ్ల సంగతి తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆమె మెడ తిరగదు, పక్కనున్న మనిషిని చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. మోకాళ్లు వంగవు. చర్చిలో అందరూ మోకరిస్తే ఆమె కిటికీ ఊచ పట్టుకుని నిలబడుతుంది, మోకాళ్ల మీద చేయలేని ప్రార్థన ప్రార్థనే కాదన్న దిగులు ఆమెకి చాలా ఏళ్లుగా ఉంది. చదువు రాదు. చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నప్పుడు ఈ ప్రార్థన గురించి చెప్పాను. రెండు మూడు సార్లు ప్రయత్నించింది, పక్కటెముకలు కూడా బిగుసుకుపోయాయేమో, ఊపిరి నిండుగా రావట్లేదు. కాసేపాగి "ఊపిరి లెక్క నాతోని కాదు బిడ్డా, గింజకొకసారి అంటా" అంది. పండు చీల్చేటప్పుడు యేసయ్యా, గింజ చాటలో పడేటప్పుడు కనికరించు. పుస్తకాల ప్రకారం ఇది శ్వాస ప్రార్థనో కాదో నాకు అనవసరం. కొన్నాళ్లకి నొప్పేమైనా తగ్గిందా పెద్దమ్మా అంటే "నొప్పెందుకు తగ్గుతది, ఆ నీళ్లు అన్నేండ్లు తాగితిమి" అని నన్నే కసురుకుంది. గింజల ప్రార్థన మాత్రం మానలేదు.

అందుకే టెన్షన్ తగ్గడానికి ఇది చిట్కా అని చెప్పేవాళ్లతో నాకు సగమే పొత్తు. ఊపిరి నెమ్మదిగా వదిలితే ఒళ్లు తేలికపడుతుంది, మంచిదే. కానీ "కరుణించు" అనే మాట వినేవాడు ఒకడున్నాడని నమ్మి అనేది, తేలికపడినా పడకపోయినా.

మొదలుపెట్టేవాళ్లకి రెండు ముక్కలు. ఊపిరి బిగపట్టొద్దు, లోతుగా లాగొద్దు, మామూలుగా ఎలా వస్తే అలా. ఆస్తమా ఉన్నవాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు ఊపిరి సంగతి వదిలేసి మాట ఒక్కటే పట్టుకోండి. లెక్క పెట్టుకోవద్దు కూడా. ఆ రష్యా యాత్రికుల కథల్లో ఒకాయనకి గురువు రోజుకి 3,000 సార్లు చెప్పమని, తర్వాత 6,000, ఆ తర్వాత 12,000 చేశాడు, ఆయనకేమో ఇల్లూ ఉద్యోగం లేవు. మాట వారానికొకటి మార్చకండి, పాతబడనివ్వండి, పాతబడితేనే అది అడగకుండా నోటికొస్తుంది. మనసు పక్కకి పోతుంది, ఈఎంఐ దగ్గరికో పిల్లల ఫీజు దగ్గరికో, తెలియగానే మళ్లీ మాట దగ్గరికి రావడమే, దానికి తిట్టుకోవడం ఎందుకు. నాకు కుదిరే చోటు హైదరాబాద్ బస్సు, కిటికీ సీటు దొరికితే మల్లేపల్లి దాటాక మొదలుపెడతాను. మాల్ అనే ఊరు వచ్చేలోపు నిద్ర పట్టేసే రోజులే ఎక్కువ, అయినా ఇబ్రహీంపట్నం ట్రాఫిక్‌లో హారన్లకి ఎలాగూ మెలకువ వస్తుంది, అక్కడి నుంచి అందుకోవచ్చు.