మైన్‌క్రాఫ్ట్‌లో గ్లేజ్డ్ టెర్రకోట: ఏ వైపు నిలబడి వేయాలన్నదే అసలు పని

బ్లాకులతో కట్టుకునే వీడియో గేమ్ మైన్‌క్రాఫ్ట్‌లో గ్లేజ్డ్ టెర్రకోట (మెరుగు పూసిన, డిజైన్ ఉన్న కాల్చిన మట్టి బ్లాకు) 2017లో, 1.12 అప్‌డేట్‌తో వచ్చింది. పదహారు రంగులు, రంగుకో డిజైన్. ఇన్నేళ్లయినా చాలామంది దీన్ని ఓ నాలుగు బ్లాకులు వేసి చూసి, గజిబిజిగా ఉందని వదిలేస్తారు. లోపం బ్లాకులో లేదు, వేసిన తీరులో ఉంది. ఒక్కో బ్లాకు మీద ఉండేది పూర్తి బొమ్మ కాదు, పావు భాగం. పాత ఇళ్ల గచ్చుల్లో పూల టైల్స్ చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడా నాలుగు పలకలు సరైన దిక్కుల్లో తిరిగి కలిస్తేనే పువ్వు విచ్చుకుంటుంది.

ముందు తయారీ. 8×8 గచ్చుకు 64 బ్లాకులు కావాలి. నదుల అడుగున, చిత్తడి నేలల్లో, లష్ కేవ్స్‌లో (పచ్చని మొక్కలుండే గుహల్లో) క్లే, అంటే బంకమట్టి దొరుకుతుంది. పారతో తవ్వితే ఒక్కో క్లే బ్లాకు నాలుగు ఉండలుగా పడుతుంది, ఆ నాలుగింటిని మళ్లీ కలిపితే ఒక బ్లాకు అవుతుంది. మట్టి నష్టం లేదు గానీ 64 బ్లాకులకు 256 ఉండలు, అంటే సంచిలో నాలుగు గడులు. సిల్క్ టచ్ (బ్లాకును విడిపోకుండా తీసే మంత్రశక్తి) ఉన్న పార వాడితే ఒక్క గడిలో సరిపోతుంది, మళ్లీ కలిపే పనీ ఉండదు.

క్లే బ్లాకును ఫర్నేస్‌లో (కొలిమిలో) కాలిస్తే మామూలు టెర్రకోట. ఎనిమిది టెర్రకోటల మధ్య ఒక డై (రంగు పొడి) పెడితే ఎనిమిది రంగు టెర్రకోటలు. వాటిని మళ్లీ కాలిస్తే గ్లేజ్డ్. ఈ వరస తప్పకూడదు. రంగు వేయని టెర్రకోటకు గ్లేజ్ రాదు, గ్లేజ్ అయ్యాక రంగు మార్చడం కుదరదు. బ్లాస్ట్ ఫర్నేస్‌లో వేస్తే త్వరగా అవుతుందని కొందరు ప్రయత్నిస్తారు, అది క్లేని గానీ టెర్రకోటని గానీ తీసుకోదు. మామూలు ఫర్నేసే కావాలి.

ఒక్కో బ్లాకు కాలడానికి 10 సెకన్లు. ఒక్క ఫర్నేస్‌తో 64 బ్లాకులకు రెండు విడతలూ కలిపి 21 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. ఎనిమిది ఫర్నేసులు వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో ఎనిమిది బ్లాకులు, ఒక బొగ్గు వేయండి. ఒక బొగ్గు సరిగ్గా ఎనిమిదింటిని కాలుస్తుంది కాబట్టి విడత 80 సెకన్లలో ముగుస్తుంది, ఇంధనమూ వృథా కాదు. మొత్తం 16 బొగ్గులు, 8 డైలు. సయాన్ రంగైతే నాలుగు నీలం, నాలుగు ఆకుపచ్చ డైలు కలిపితే ఎనిమిది వస్తాయి. ఆకుపచ్చకు కాక్టస్‌ను కాల్చాలి, నీలానికి లాపిస్ గానీ కార్న్‌ఫ్లవర్ గానీ చాలు.

దగ్గర్లో బ్యాడ్‌ల్యాండ్స్ (ఎర్రమట్టి కొండల ప్రాంతం) ఉంటే ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు, గోధుమ, లేత బూడిద టెర్రకోటలు కొండల్లోనే పొరలు పొరలుగా ఉంటాయి. తవ్వి తెచ్చి ఒక్కసారి కాలిస్తే చాలు. మేసన్ (తాపీ పని చేసే) గ్రామస్తుడూ ఒక పచ్చ రాయికి (ఎమరాల్డ్, ఆటలో డబ్బులాంటిది) ఒక గ్లేజ్డ్ బ్లాకు అమ్ముతాడు. కానీ అతనే పచ్చ ఇవ్వడానికి మన దగ్గర పది క్లే ఉండలు తీసుకుంటాడు. సొంతంగా చేసుకుంటే బ్లాకుకు నాలుగు ఉండలే పడతాయి. కొనడం తొందరున్నప్పుడే.

ఇక వేయడం. బ్లాకు ఏ దిక్కుకు తిరగాలో నిర్ణయించేది, వేసే క్షణంలో మీరు చూస్తున్న దిక్కు మాత్రమే. ఏ బ్లాకుకు ఆనించి పెట్టారన్నది లెక్కలోకి రాదు. కాబట్టి 2×2 చదరం పూరించడానికి ఈ పద్ధతి: దక్షిణాన నిలబడి ఉత్తరం వైపు చూస్తూ, మీకు దగ్గరగా ఎడమచేతి పక్కనున్న గడిలో ఒకటి వేయండి. తర్వాత పడమరకు వెళ్లి తూర్పు చూస్తూ మళ్లీ దగ్గరి ఎడమ గడి. ఉత్తరం నుంచి, తూర్పు నుంచి కూడా అంతే. నాలుగు బ్లాకుల్లోనూ ఒకే మూల మధ్యలో కలుస్తుంది.

ఒకే రంగులో నాలుగు డిజైన్లు దాగి ఉన్నాయి. దగ్గరి ఎడమకు బదులు నాలుగు వైపుల నుంచీ దగ్గరి కుడి గడి, లేదా దూరపు ఎడమ, లేదా దూరపు కుడి గడి నింపితే మధ్యలో వేరే మూల కలుస్తుంది, బొమ్మ పూర్తిగా మారిపోతుంది. గచ్చు మొదలుపెట్టే ముందు నాలుగు రకాలూ బయట పక్కపక్కన వేసి చూసి ఎంచుకోండి. 16 బ్లాకులు చాలు. పికాక్స్‌తో తీస్తే మళ్లీ చేతికొస్తాయి, చేత్తో కొడితే మాత్రం బ్లాకు పోతుంది.

చాలామంది తప్పేది తిరిగే క్రమంలో. బొమ్మ కుదరాలంటే బ్లాకు స్థానం సవ్యంగా (గడియారం ముల్లు తిరిగే వైపు) జరిగినప్పుడు దిక్కూ సవ్యంగానే తిరగాలి. స్థానం అటు, దిక్కు ఇటు తిరిగితే మధ్యలో ఒకసారి ఒక మూల, తర్వాత దాని ఎదురు మూల వచ్చి గీతలు తెగిపోతాయి. రెండో తప్పు వాలుగా చూడటం. చూపు 45 డిగ్రీలు దాటితే ఆట దాన్ని పక్క దిక్కుగా లెక్కేస్తుంది. కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌లో ఎఫ్3 నొక్కితే చూస్తున్న దిక్కు తెర మీదే కనిపిస్తుంది. అలవాటు పడేదాకా మెజెంటాతో సాధన చేయండి. దాని మీద బాణం గుర్తుంటుంది కనుక తప్పు వెంటనే తెలిసిపోతుంది. తిప్పుడు ముగ్గులు వేసే చేతికి ఈ లెక్క త్వరగా పట్టుబడుతుంది.

గది కొలత సరిసంఖ్య అయితే ఇబ్బంది లేదు. బేసి అయితే చుట్టూ అంచు వేస్తే సరిపోతుందనుకుంటారు, సరిపోదు. 11లో రెండు వైపులా ఒక్కోటి తీస్తే 9, అదీ బేసే. ఆ 9 మధ్యలో కూడా ఒక బ్లాకు వెడల్పున సాదా టెర్రకోట పట్టీ రెండు దిక్కులా వేసి, నాలుగు 4×4 భాగాలు చేయడం ఒక మార్గం. అయినా గది మొత్తం గ్లేజ్డ్‌తో నింపకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. కంటికి విశ్రాంతి ఉండదు. మధ్యలో 4×4, చుట్టూ నునుపైన క్వార్ట్జ్ గానీ ఒకే రంగు కాంక్రీట్ గానీ ఉంటే బొమ్మ నిలబడి కనిపిస్తుంది.

గోడలకూ ఇదే సూత్రం, కానీ శ్రమ ఎక్కువ. గోడ మీద కూడా నాలుగు తిరుగుళ్లు రావాలంటే నాలుగు దిక్కులూ చూస్తూ వేయాలి. ఒక దిక్కు కోసం గోడ అవతలి నుంచి వేయక తప్పదు. అందుకే వెనక గోడ మూసేయకముందే ఈ పని ముగించాలి. అవతల స్కాఫోల్డింగ్ (ఎక్కడానికి పరంజా) కట్టుకుంటే సులువు.

వస్తువులన్నీ ఉచితంగా దొరికే క్రియేటివ్ మోడ్‌లో ఇంత తిరగనక్కర్లేదు. ఒక 2×2 సరిగ్గా వేసుకుని క్లోన్ కమాండ్‌తో (బ్లాకులకు నకలు తీసే ఆదేశంతో) పరుచుకుంటూ పోవచ్చు, దిక్కులు అలాగే ఉంటాయి. జావాలో కమాండ్‌తో తెచ్చుకున్న డీబగ్ స్టిక్‌తో (బ్లాకు స్థితిని మార్చే కర్రతో) బ్లాకును పగలగొట్టకుండానే తిప్పవచ్చు. అన్నీ సంపాదించుకోవాల్సిన సర్వైవల్ మోడ్‌లో తప్పు పడితే తీసి, సరైన వైపు నిలబడి మళ్లీ వేయడమే.

రెడ్‌స్టోన్‌తో (ఆటలో కరెంటులాంటిది) యంత్రాలు కట్టేవాళ్లకొక మాట: పిస్టన్ ఈ బ్లాకును నెడుతుంది, నెట్టినదాన్ని లాగే స్టికీ పిస్టన్ మాత్రం దీన్ని వెనక్కి లాగలేదు. పక్క బ్లాకులను అంటించుకుని కదిలే స్లైమ్‌కీ, తేనె బ్లాకుకీ కూడా అంటుకోదు. రహస్య ద్వారం గచ్చులో దాచాలనుకుంటే, కదిలే బ్లాకుల చోట గ్లేజ్డ్ పెట్టకండి. కదిలే స్లైమ్ పక్కన కదలకూడని గచ్చు ఉన్నచోట మాత్రం ఇదే సరైన బ్లాకు.