వరాళి మధ్యలో లేచిపోయిన బేగడ

రాత్రి పదకొండు దాటింది. ఆయన నిద్రపోయారు. నాకు మాత్రం పొద్దున బావ అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది.

బావ ఎప్పుడూ చెప్పకుండానే వస్తాడు. ఉదయం వచ్చేసరికి నేను సాధనలో ఉన్నాను. త్యాగరాజస్వామి ఆరాధన రోజు, పుష్య బహుళ పంచమికి, అయిదు పంచరత్న కీర్తనలూ వీణ మీద తడబడకుండా వాయించాలని ఈ ఏడాది పట్టుదలగా కూర్చున్నాను. నాట, గౌళ, ఆరభి రాగాలవి చేతికి వచ్చేశాయి. నాలుగోది వరాళి. అక్కడ పది రోజులుగా ఆగిపోయాను. ఆ గాంధారం, అంటే గ స్వరం, తంతి కొంచెం ఎక్కువ లాగితే పైకి పోతుంది, లాగకపోతే అసలు వరాళిలా పలకదు. సరిగ్గా ఆ గాంధారం మీద ఉండగా మా పిల్లి బేగడ లేచింది. ఒళ్ళు విరుచుకుంది. తోక నిటారుగా ఎత్తి, బావ కాళ్ళ పక్క నుంచే నడిచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"శిశుర్వేత్తి పశుర్వేత్తి అన్నారు కదా మరదలా! మరి మీ పశువు లేచిపోయిందేం?" అన్నాడు బావ.

అంతటితో ఆగలేదు. వరాళిని గురువు శిష్యుడికి ఎదురుగా కూర్చోబెట్టి నేర్పకూడదని, నేర్పితే ఇద్దరి మధ్యా సంబంధం తెగిపోతుందని పెద్దలు చెప్పే మాట ఉంది కదా, దాన్నీ తెచ్చాడు. "చూశావా, నీకూ దానికీ తెగిపోయింది" అన్నాడు. ఆయన పేపరు వెనక నుంచి నవ్వారు. ఇద్దరూ తలా రెండు పెసరట్లు తిన్నారు. బావ వెళ్ళిపోయాడు. ఆ మాట మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

బేగడను పశువు అన్నందుకు కోపం వచ్చింది. అయినా అసలు బాధ అది కాదు. శిశువుకు తెలుస్తుంది, పశువుకు తెలుస్తుంది, పాముకు కూడా తెలుస్తుంది గానరసం అని శ్లోకం. పిల్లి లేచిపోయిందంటే అక్కడ గానరసం లేదని కదా అర్థం? నలభై ఏళ్ళ సాధనకు బావ ఒక్క మాటలో వేసిన వెల అది. ఎదురుగా ఏమీ అనలేకపోయాను. పెసరట్లకు అల్లం పచ్చడి వేస్తూ ఊరుకున్నాను.

అతను వెళ్ళాక జవాబులు తోచాయి, ఎప్పటిలాగే. పాముకు బయటికి కనిపించే చెవులే లేవు, కర్ణభేరి కూడా లేదు. నేల అదురును ఒంటితో పట్టుకుంటుంది. నాగస్వరం ఊదేవాడి చెయ్యి ఎటు కదిలితే అటు తల తిప్పుతుంది. దానికి రసికురాలి పీట వేశారు. పిల్లి చెవిని తిప్పడానికి ఒక్కో వైపు 32 కండరాలున్నాయి. మన చెవి ఇరవై వేల హెర్ట్జుల దగ్గర ఆగిపోతే, పిల్లి చెవి అరవై వేలు దాటి వింటుంది. అలాంటి చెవులున్న దానికి శ్లోకంలో సొంత పేరు కూడా లేదు, పశువుల్లో కలిపేశారు. ఇది అన్యాయమని ఇప్పుడు కూడా అంటాను.

మధ్యాహ్నం మనసాగక పరీక్ష పెట్టాను. బేగడ చాప మీద పడుకుని ఉంది. వీణ తీసి మోహన మొదలుపెట్టాను. మోహన ఎవరికి నచ్చదు? రెండు నిమిషాలకు లేచి వెళ్ళిపోయింది. కల్యాణి వాయించాను, గుమ్మం దాకా వచ్చి చూసి వెనక్కి తిరిగింది. గుండె జారింది. వీణ పక్కన పెట్టి, ఫోనుకు స్పీకరు కలిపి, ఒక పెద్ద విద్వాంసుడి వరాళి పెట్టాను. బేగడ వచ్చింది. నేరుగా వచ్చి నా ఒళ్ళో ఎక్కి ముడుచుకుంది. ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చినంత పనయింది. దానికి వరాళి ఇష్టమే, నా వరాళే ఇష్టం లేదు అనుకున్నాను.

కాసేపటికి ఆ రికార్డు అయిపోయింది. బేగడ కదల్లేదు. తర్వాత ఫోను దానంతట అదే ఏదో సిమెంటు ప్రకటన వినిపించింది. దానికీ కదల్లేదు. అప్పుడు వెలిగింది నాకు.

వీణ ఎలా పట్టుకుంటామో మీకు తెలుసు. కుండ కుడి పక్కన నేల మీద ఉంటుంది. దండి ఒళ్ళో అడ్డంగా వస్తుంది. సొరబుర్ర ఎడమ తొడ మీద కూర్చుంటుంది. ఇక ఒళ్ళో జాగా ఏది? బేగడ ఆరేళ్ళుగా ప్రతి ఉదయం చూస్తున్నది సంగీతాన్ని కాదు, తన చోటులో దిగే పనసచెక్కను. అది పిల్లకూనగా ఈ ఇంటికి రాకముందే బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే మానులో తొలిచి చేసిన వీణ అది. నాకెంత ప్రాణమో దానికేం తెలుసు? దాని లెక్కలో ఆ వీణ నా ఒళ్ళోకి ఎక్కే ఇంకో పెద్ద పిల్లి. దానికి రోజూ రెండు గంటలు తలా ఒళ్ళూ నిమురుతాను. దీనికి చాప చూపిస్తాను.

ఇది తెలిశాక తేలిక పడాలి కదా. పడ్డాను, సాయంత్రం దాకా. దీపం పెట్టాక మళ్ళీ వెలితిగా అనిపించింది. బేగడకు కావలసింది ఒడి మాత్రమే అయితే, ఇన్నాళ్ళూ అది నా పాట వింటోందని మురిసిన సంగతులన్నీ ఏమైనట్టు?

ఇక్కడే నాన్నగారి రేడియో గుర్తుకొచ్చింది. విజయనగరంలో మా ఇంట్లో వాల్వుల రేడియో ఉండేది. కర్ర పెట్టె, ముందు బంగారు రంగు గుడ్డ, మధ్యలో ఒక పచ్చ దీపం. స్టేషను సరిగ్గా పట్టుకుంటే ఆ పచ్చ వెలుగులోని నీడ సన్నగా ముడుచుకునేది, తప్పితే విచ్చుకునేది. అచ్చం పిల్లి కన్ను. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు ఢిల్లీ నుంచి జాతీయ సంగీత కార్యక్రమం వచ్చేది. నాన్నగారు తొమ్మిదికే భోజనం ముగించి, చేతులు తుడుచుకుని, వాలుకుర్చీ రేడియో ముందుకు లాక్కునేవారు. రేడియో వేడెక్కేసరికి మా ఇంటి బూడిదరంగు పిల్లి వచ్చి దాని మీద ఎక్కి పడుకునేది. తోక సరిగ్గా స్టేషన్ల పేర్లున్న అద్దం మీదకు వేలాడేది. ముల్లు ఎక్కడుందో కనపడేది కాదు. నాన్నగారు తోక తీసేవారు కాదు. ఆ పచ్చ వెలుగు చూస్తూ, వేళ్ళతోనే వెతికి పట్టుకునేవారు. గదిలో దీపం ఆర్పేస్తే చీకట్లో మూడు పచ్చ కళ్ళు కనపడేవి, పిల్లివి రెండు, రేడియోది ఒకటి. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు. రేడియో కూడా కాస్త పిల్లేనని గట్టిగా నమ్మేదాన్ని.

ఒక శనివారం పల్లవి మధ్యలో కరెంటు పోయింది. మూడో కన్ను ఆరిపోయింది. అమ్మ లాంతరు తెస్తానంటే నాన్నగారు వద్దన్నారు. పిల్లి దిగలేదు. నాన్నగారు లేవలేదు. చీకట్లో తొడ మీద ఆయన తాళం మాత్రం వినపడుతోంది, దెబ్బ, వేళ్ళు, విసురు. ఎక్కడ ఆగిందో అక్కడ నుంచి ఆ పల్లవిని ఆయన లోపల నడిపిస్తున్నారు. చాలాసేపటికి పెట్టె చల్లారింది. పిల్లి దూకి వెళ్ళిపోయింది. అప్పుడు నాన్నగారు తాళం ముగించి లేచారు.

మర్నాడు పెద్దన్నయ్య నన్ను ఏడిపించాడు. మన పిల్లి కచేరీ వింటుందని నేను బడిలో అందరికీ చెప్పుకున్నాను మరి. "కచేరీ లేదు, ఏమీ లేదు, దానికి వెచ్చగా ఉంటుందని పడుకుంటుంది, అంతే" అన్నాడు. ఏడుస్తూ నాన్నగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన పంచె మడతలు సరిచేసుకుంటూ, "వెచ్చదనం కోసమే వచ్చిందనుకుందాం. వచ్చి కూర్చున్నాక వినలేదని మీ అన్నయ్యకు ఎవరు చెప్పారు?" అన్నారు.

ఇది గుర్తుకొచ్చాక మధ్యాహ్నం తేల్చిన సంగతి మీద కూడా పూర్తిగా నమ్మకం పోయింది. ఒడి సంగతి నిజమే, కాదనను. అయితే మొన్న స్టీలు పళ్ళెం చేయి జారి నేల మీద పడినప్పుడు? మూలనున్న వీణ తంతులు ఆ మోతకు వాటంతట అవే మోగాయి. నాకు ఆ నాదం రెండు క్షణాలే వినపడింది. బేగడ మాత్రం పళ్ళెం వైపు చూడనే లేదు. చెవులు రెండూ వీణ వైపు తిప్పి, నా చెవికి అంతా ఆగిపోయాక కూడా చాలాసేపు అలాగే కూర్చుంది. అప్పుడు అక్కడ ఒడి లేదు, చేప ముక్క లేదు. ఆ గదిలో నాకు అందని చివరి నాదాన్ని అది విన్నది. ఆ ఉదయమంతా నేను సంతోషంగా ఉన్నాను.

అమ్మాయి ఆ మధ్య ఫోనులో ఒక సంగతి చెప్పింది. 2015లో అమెరికాలో కొందరు పిల్లుల కోసమే పాటలు కట్టించి వినిపించారట. గురక లయలో ఒకటి, పాలు తాగే లయలో ఒకటి. మనుషుల సంగీతానికి పట్టించుకోని పిల్లులు వీటికి స్పీకరు దగ్గరకు వచ్చి బుగ్గలు రుద్దాయట. అప్పుడు విని ఊరుకున్నాను. ఇప్పుడు బేగడ ఒళ్ళో గురకపెడుతుంటే ఆలోచిస్తున్నాను. ఆ గురక పాతిక హెర్ట్జుల దగ్గర మొదలవుతుందంటారు. నా వీణలో అనుమంద్రం తంతి కూడా అంత కిందకు దిగదు. వింటున్నంతసేపూ అరిచెయ్యి కూడా దానితోపాటు అదురుతుంది.

బావకు ఇదంతా ఫోను చేసి చెప్పాలని సాయంత్రం నంబరు దాకా వెళ్ళాను. పెట్టేశాను. వరాళి వచ్చాక పిలుస్తాను. ఆ రోజు బేగడను ఆయన ఒళ్ళో కూర్చోబెడతాను, సరేనన్నారు.

వీణ ఇంకా చాప మీదే ఉంది, గవిసెన కప్పలేదు. తెరిచి ఉంచితే వీణ మెట్ల మధ్య మైనంలో దుమ్ము చేరుతుంది. లేచి కప్పాలంటే బేగడ ఒళ్ళో ఉంది, ఇప్పుడే ముందుకాళ్ళు చాపింది. ఆయన్ను లేపుతాను.