తొట్టెకు చోటు

ఆఫీసులో క్రిస్మస్ అలంకరణకు చెట్టు వచ్చింది, శాంతా బొమ్మ వచ్చింది. యేసు ఊసే లేదు. మనసు చివుక్కుమంది. ఇంట్లోంచి యేసు పుట్టుకను చూపే మట్టి బొమ్మల పశువుల తొట్టె తెచ్చి చెట్టు కింద పెట్టాను. బాలయేసు చెయ్యి ఎప్పుడో విరిగితే నేనే జిగురుతో అతికించాను, ఆ గీత ఇంకా కనిపిస్తుంది.

"మతం ఇక్కడెందుకండీ?" అన్నాడు పక్క సీటాయన. గొంతు పెంచబోయి ఆగాను. "పుట్టినరోజు ఎవరిదో చెప్పకుండా పండుగ చేస్తుంటే వెలితిగా ఉందండీ" అన్నాను, అంతే. ఆయన ఒప్పుకోలేదు. తొట్టెను నా బల్ల మీదికి మార్చుకున్నాను.

మా చర్చి సంఘంలో ఒక సోదరిదైతే వేరే అభ్యంతరం: డిసెంబరు 25 బైబిల్లోనే లేదు కదా అని. నిజమే. లూకా సువార్తలో తొట్టె ఉంది, గొర్రెల కాపరులున్నారు, తేదీ లేదు. రోజుల పట్టింపు మీద ఒకరినొకరు తీర్పు తీర్చుకోవద్దని బైబిల్లోనే పౌలు రోమీయులకు రాసిన మాట నాకందుకే ప్రాణం. 1223లో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సన్యాసి ఇటలీలోని గ్రెచ్చో ఊళ్లో గడ్డి పరిచి, నిజమైన ఎద్దునూ గాడిదనూ నిలబెట్టి యేసు పుట్టిన ఆ రాత్రిని జనానికి చూపించాడు. నాకా పద్ధతే నచ్చుతుంది.

సాయంత్రం పక్క సీటాయన నా బల్ల దగ్గర ఆగాడు. "ఈ పిల్లాడి చెయ్యి అతికించారా?" అన్నాడు. కుర్చీ లాగి కూర్చోమన్నాను.