కావలి దాటాక

కావలి దాటామో లేదో బస్సు ఆగిపోయింది. ముందర ట్రైలర్ మీద గాలిమర రెక్క. ఒక్కటే! మా బస్సులు అయిదు వరసగా పెడితే ఎంతో, అంత పొడవు. మలుపు తిరగలేక రోడ్డుకి అడ్డం పడింది. వెనక చక్రాల పక్కన నడుస్తూ ఒకాయన "రానీ, రానీ... ఆపు!" అని అరుస్తున్నాడు.

అందరం దిగాం. "పైన తిరిగేటప్పుడు నిదానంగా ఉంటది గదా" అన్నాడు పక్కనున్న పెద్దాయన. చూడ్డానికి అంతే. కొస మాత్రం గంటకి 200 కిలోమీటర్ల పైనే పోతుంది. దగ్గరికొచ్చిన పిట్టకి అది మసక మసకగా తప్ప కనపడదు.

అదే టైమ్‌కి పైన గూడబాతులు, ఓ పదిహేను, చెరువు వైపు పోతున్నాయి. రెక్క ఆడించకుండా, తీరిగ్గా. పక్కకి చూసే అలవాటే లేనట్టు.

నార్వేలో స్మోలా దీవిలో మూడు రెక్కల్లో ఒకదానికి నల్లరంగు వేస్తే పక్షుల చావులు 70 శాతం పైగా తగ్గాయని చదివా. నాలుగు గాలిమరల మీదే చూశారు లెండి. మన బట్టమేకపిట్టకైతే రెక్కలకన్నా కరెంటు తీగలే గండం, అది వేరే గోల.

ముప్పావుగంటకి ట్రైలర్ కదిలింది. రెక్కంతా తెలుపే, కొస దగ్గర మాత్రం ఎర్ర పట్టీలు. ఎందుకని డ్రైవర్‌ని అడిగా.

"విమానాలకి కనపడాలి గదన్నా."